తవుడు సంచికి ఎర్ర జెండా

తొమ్మిదో తరగతికి వచ్చేదాకా నేను చేసిన ప్రాజెక్టులన్నీ మా అమ్మే చేసింది. ఈ మాట పైకి అనకూడదు గానీ, మా క్లాసులో అందరి సంగతీ అంతే. ఆరో తరగతిలో థర్మోకోల్ ఇల్లు అమ్మే కోసి అతికించింది. నేను పక్కన కూర్చుని, రాలిన ఆ తెల్లపూసల్ని ఊదుకుంటూ ఆడుకున్నాను. ఏడో తరగతిలో అగ్నిపర్వతం. అందులో వంటసోడా వేసి నిమ్మరసం పోస్తే పొంగాలి. మా అమ్మ రాజకుమారి ఏది వండినా పదిమందికి సరిపడా వండుతుంది. సోడా కూడా ఆ చేత్తోనే వేసింది. పొంగు బల్ల దాటి, నేల మీదకి దిగి, హెడ్మాస్టరు గారి చెప్పుల దాకా వెళ్ళింది.

ఇక లాభం లేదని ఎనిమిదో తరగతిలో ఏలూరు ఫ్యాన్సీ షాపులో గుండె బొమ్మ కొనిపించింది. దాన్ని అంతకుముందు ఎవరో వాడి తిరిగి అమ్మేసినట్టున్నారు. వెనకాల ‘జయకృష్ణ, 8-బి’ అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. మా స్కూల్లో బి సెక్షనే లేదు. టీచరు గారు ఆ పేరు పైకి చదివి, “ఏమ్మా జెస్సీ, పేరు మార్చుకున్నావా?” అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గుండెను తీసుకెళ్ళి ఇంటి వెనక చెరువులో పారేశాను. అది మునగకుండా రెండు రోజులు తేలుతూనే ఉంది, వెధవ గుండె.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాయనమ్మ అచ్చాయమ్మ, “నీకు జెస్సీ అని కాదే, మిరపకాయ అని పెట్టాల్సింది బాప్టిజం అప్పుడు” అంటుంది. ఆవిడకీ కోపం తక్కువేం కాదు. నాకు ఎవరి నుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు.

మాది మండవల్లి దగ్గర, కొల్లేరు అంచున చిన్న ఊరు. చర్చి, స్కూలు, రెండు కొట్లు, మిగిలినదంతా నీళ్ళే. ఎటు చూసినా చేపల చెరువులు, వాటి మధ్య గట్లు, గట్ల మీద కొబ్బరి చెట్లు. మా నాన్న నెహెమ్యా ఆ చెరువుల మీద మేత పని చూస్తాడు. చెరువులు పాండురంగారావు గారివి. ఆయన మనవరాలు కుసుమ నా క్లాసే, నా బెంచీయే, నా జట్టే. నేను అరుస్తాను, తను నవ్వుతుంది. అందుకే మాకు ఇన్నేళ్ళుగా కుదిరింది.

తొమ్మిదిలో మాకు సైన్సుకి నెల్సన్ సార్ వచ్చారు. రోజూ ఏలూరు నుంచి బస్సులో వస్తారు. వచ్చిన మొదటి వారమే బోర్డు మీద ఏమీ రాయకుండా నిలబడి, “ఇకనుంచి ప్రాజెక్టుకి థర్మోకోల్ తేకూడదండీ. కొన్నది తేకూడదు. ముఖ్యంగా, ఇంట్లోవాళ్ళ చెయ్యి పడకూడదు” అన్నారు. సార్ పిల్లల్ని కూడా అండీ అనే మనిషి. ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే మా అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. “అయితే ఇంక నేనేం చెయ్యాలే?” అంది, స్కూలు నుంచి తననే తీసేసినట్టు.

అప్పుడు మొదలైంది నా అసలు చదువు. వెదురు బద్దలతో తక్కెడ చేశాం, అది ఎప్పుడూ కుసుమ వైపే మొగ్గేది. పాత సైకిల్ ట్యూబుతో పంపు చేశాం, అది నీళ్ళు తోడాల్సింది పోయి సార్ చొక్కా తడిపింది. చేత్తో చేసే పనిలో నాకు నచ్చినది ఇదే. తప్పు చేస్తే ఎవరూ ఎర్ర సున్నా చుట్టరు, ఇటుక ముక్క నేరుగా కాలి మీద పడుతుంది. మరుసటిసారి కాలు తీసి పెట్టుకుంటాం. లెవర్ గురించి పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా నాకు అర్థం కాలేదు. కర్ర కొనకు ఇటుక కట్టి, అది నన్ను లేపిన రోజున అర్థమైంది.

పదో తరగతిలో జిల్లా సైన్స్ ఫెయిర్ ఏలూరులో అన్నారు. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నప్పుడు ఒక సెలవు రోజు నాన్నతో పడవ ఎక్కాను. మా వైపు చేపలకి మేత ఎలా పెడతారంటే, సంచులకు కన్నాలు పొడిచి, తవుడు నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ కన్నాల దగ్గర మూతులు పెట్టి తింటాయి. ఏ సంచి ఖాళీ అయిందో గట్టు మీద నుంచి కనబడదు. నాన్న పడవ వేసుకుని ఒక్కో గెడ దగ్గరికీ వెళ్ళి, చెయ్యి ముంచి సంచి తడిమి చూడాలి. ఆ రోజు ఎండలో ఆ చివరి గెడ దాకా తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. సంచి నిండుగానే ఉంది.

“చూశావా, వీటికి ఇంకా ఆకలవలేదు. ఊరికే తిప్పించాయి నన్ను” అని చేపల్ని తిట్టుకుంటూ పడవ వెనక్కి తిప్పాడు. తెడ్డు వేస్తున్న ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడే నాకు తట్టింది.

మా ప్రాజెక్టు ఇదీ. పాతిన గెడ మీద ఇంకో కర్రను అడ్డంగా, తూగేలా కట్టాం. ఒక కొనకు తవుడు సంచి, అదే కొన మీద ఎర్ర జెండా. రెండో కొనకు ఇటుక ముక్క. సంచి నిండుగా ఉన్నంతసేపు జెండా కిందికి వాలి ఉంటుంది. చేపలు తవుడంతా తినేస్తే సంచి తేలికవుతుంది, ఇటుక దిగుతుంది, జెండా పైకి లేస్తుంది. గట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూసుకోవచ్చు. మా నాయనమ్మ చూసి, “ఇది ఏతమే కదే, మా నాన్న దీంతోనే నీళ్ళు తోడేవాడు” అంది. “ఏతానికి జెండా ఉండేదా?” అన్నాను. లేదని ఒప్పుకుంది.

అంత తేలిగ్గా ఏం కుదరలేదు. మొదట పెద్ద ఇటుక కట్టాం, నిండు సంచి కూడా ఎగిరి కుసుమ నెత్తి మీద తవుడు పోసింది. తర్వాత చిన్న ముక్క కట్టాం, ఖాళీ సంచి కూడా లేవలేదు. అన్నీ కుదిరి జెండా చక్కగా లేచిన రోజున, ఎక్కడి నుంచో ఒక కొంగ వచ్చి సరిగ్గా ఆ కొన మీదే వాలింది. జెండా మళ్ళీ కిందికి. నేను ఆ కొంగని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, సార్ చదువుతారు. చివరికి కుసుమే తుమ్మ కొమ్మ తెచ్చి, ముళ్ళు పైకి వచ్చేలా కర్రకు కట్టింది. కొంగ మళ్ళీ రాలేదు. స్కూల్లో నీళ్ళ తొట్టెలో ఆరు శీలావతి చేపపిల్లల్ని వేసి, చిన్న సంచితో పెట్టి చూశాం. పొద్దున్న ఆకలితో ఉన్న చేపల్ని వదిలితే, అన్నం బెల్లు కొట్టేసరికి జెండా లేచేది. ప్రతిసారీ లేచింది.

ఇంతలో ఇంట్లో ఇంకో గొడవ మొదలైంది. పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ కాలేజీల వాళ్ళు వచ్చి సీటు తీసుకోమని అడుగుతారు కదా, అలాగే వట్లూరు వైపు ఒక కాలేజీ నుంచి ప్రసాదరావు గారని ఒకాయన మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. హాస్టలు, ఎంపీసీ, పొద్దున లేస్తే పరీక్ష, రాత్రి పడుకునేముందు పరీక్ష. మంచాయనే. కాకపోతే మా ఇంట్లో గడప తొక్కినవాళ్ళని తినకుండా పంపడం ఎవరికీ చేతకాదు. ఆయన వచ్చినప్పుడల్లా మా అమ్మ పెసరట్లో, జంతికలో, చేపల పులుసన్నమో పెట్టేది. ఆయన రావడం మానలేదు. వస్తూ వస్తూ కొంచెం ఒళ్ళు కూడా చేశారు.

నాన్నకి ఆ కాలేజీ బాగా నచ్చింది. నాకేమో తాడేపల్లిగూడెం వెళ్ళి పాలిటెక్నిక్‌లో చేరాలని ఉంది. కుసుమ వాళ్ళ అన్నయ్య పృథ్వీ అక్కడే మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. అక్కడ వర్క్‌షాప్ ఉందట, ఇనుమును బిగించి చేతికి ఆకురాయి ఇచ్చి అరగదీయమంటారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు వేరే కాలేజీ పేరు చెవికెక్కలేదు.

ఒకరోజు ప్రసాదరావు గారు తిని వెళ్ళాక ఆ మాట నాన్నతో అనేశాను.

నాన్న తన రెండు చేతులూ నా ముందు చాపాడు. తవుడు నీళ్ళల్లో నాని నాని వేళ్ళ సందులు పగిలి ఉంటాయి. “ఇవి చూడు జెస్సీ. ఇలాంటి చేతులు నీకు వద్దనే కదమ్మా నేను ఇంత పడుతున్నది. నువ్వు నీడ పట్టున కూర్చుని పెన్ను పట్టుకునే పని చెయ్యాలి.”

“నాకు స్పానర్ పట్టుకునే పని కావాలి.”

“ఆడపిల్లవి, స్పానరేంటే?”

“ఆడపిల్లకి చేతులుండవా?”

మా ఇద్దరి గొంతులూ పెరగడం చూసి నాయనమ్మ మధ్యలోకి వచ్చింది. “ఒరేయ్ నెహెమ్యా, అది ఏదో జెండా లేపుతానంటోంది కదరా. లేపనీ, చూద్దాం. లేస్తే దాని మాట, లేవకపోతే నీ మాట.”

నాన్న చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. “సరే. ఏలూరులో ఆ పెద్దవాళ్ళ ముందు నీ జెండా లేస్తే గూడెం పంపుతాను. లేవకపోతే మారుమాట లేకుండా వట్లూరు వెళ్ళాలి.”

“ఆయ్” అన్నాను. నా జెండా మీద నాకు అంత నమ్మకం.

ఫెయిర్ శనివారం. శుక్రవారం సాయంత్రమే చేపల్ని నీలం డ్రమ్ములో వేసి ఇంటికి తెచ్చాను. ఇంట్లో అందరినీ నిలబెట్టి గట్టిగా చెప్పాను. “రేపటిదాకా వీటికి ఎవరూ మేత వెయ్యకండి. ఆకలితో ఉంటేనే సంచి దగ్గరికి వెళ్తాయి.”

“ఆ మాట నాకు చెప్పాలా?” అన్నాడు నాన్న. “చేపపిల్లల్ని లారీ ఎక్కించేముందు మేత ఆపించేది నేనే కదా. కడుపు నిండా తిని బయల్దేరితే దారిలో నీళ్ళు పాడు చేసుకుని తేలిపోతాయి.” నిజమే. ఈ విషయంలో నాన్న చెరువు మీద ఎవర్నీ వదిలిపెట్టడు. ఒకసారి ఎవరో లోడింగ్ రోజున మేత వేశారని వాళ్ళని ఊరి చివర దాకా తరిమాడు.

పొద్దున్నే అమ్మ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. “ప్రభువా, ఈ చేపలకు మంచి ఆకలి దయచెయ్యి తండ్రీ” అంది. మేమందరం ఆమెన్ అన్నాం. పాండురంగారావు గారి మినీ వ్యాన్‌లో డ్రమ్మూ, కర్రా, సంచీ ఎక్కించుకుని బయల్దేరాం. నాన్నే నడిపాడు. కొల్లేరు మధ్య రోడ్డు మీద వెళ్తుంటే రెండు పక్కలా పక్షులు. “మీ చుట్టాన్ని గానీ వెంట తీసుకురాలేదు కదా?” అని కుసుమ ఒక కొంగను చూపించి నవ్వించింది. నేను ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. గెలిచాక ఏ మాట అనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఏలూరులో ఒక పెద్ద స్కూలు ఆవరణలో ఫెయిర్. నెల్సన్ సార్ గేటు దగ్గరే ఎదురొచ్చారు. నాన్న మమ్మల్ని దింపి, వలలు కొనాలని బజారుకి వెళ్ళాడు. మేం అక్కడున్న తొట్టె నింపి, చేపల్ని వదిలి, కర్ర కట్టి, సంచి వేలాడదీశాం. పక్క బల్లల మీద ఎన్ని థర్మోకోల్ కొండలు! అంత పెద్ద కొండ చేసిన తల్లి ఎవరో గానీ ఓపిక ఉన్న మనిషి అనుకున్నాను.

చేపలు సంచి వైపు వచ్చాయి. మూతి పెట్టాయి. వెళ్ళిపోయాయి.

సరే, కొత్త చోటు కదా, బెదిరి ఉంటాయి అనుకున్నాను. కాసేపయ్యాక ఒకటి మళ్ళీ వచ్చి సంచిని వాసన చూసి, పెళ్ళి భోజనం చేసిన పెద్దమనిషిలా పక్కకు ఒరిగింది. మిగిలినవి అడుగున చేరి కదలడం మానేశాయి. జెండా ఎక్కడ వాలిందో అక్కడే ఉంది. మిగతా బల్లలన్నీ చూసుకుంటూ జడ్జి మేడం మా దగ్గరికి వచ్చారు.

“చెప్పండమ్మా, ఇదేమిటి?”

గడగడా చెప్పాను. కొంగ గురించి కూడా చెప్పాను. ఆవిడ ఇష్టంగానే విన్నారు.

“బాగుంది. మరి జెండా లేవదేం?”

“లేస్తుందండీ. చేపలు తినాలండీ.”

“తినడం లేదుగా?”

“తింటాయండీ!” అని తొట్టె అంచు మీద గట్టిగా తట్టాను. చేపలు బెదిరి అవతలి మూలకు పోయాయి. కుసుమ చిన్నగా, “ఆకలి లేదేమోనండీ” అంది. మేడం ఎదురుచూశారు, పాపం, మిగతావాళ్ళ కన్నా ఎక్కువసేపే ఉన్నారు. తర్వాత నా భుజం తట్టి వెళ్ళిపోయారు.  బహుమతి సంగతి నాకు గుర్తే రాలేదు. నాకు కళ్ళ ముందు వట్లూరు హాస్టలు గది కనిపించింది.

సాయంత్రం నాన్న వ్యాన్ తెచ్చాడు. నా ముఖం చూసి, డ్రమ్ము తెచ్చి తొట్టె పక్కన పెట్టాడు. చేపల్ని మళ్ళీ డ్రమ్ములోకి తీస్తూ తొట్టెలో నీళ్ళు చూశాను. చిక్కగా, పచ్చగా తిరిగిపోయాయి, అడుగున మడ్డి పేరుకుని ఉంది. ఆకలితో వచ్చిన చేపల నీళ్ళు ఇలా ఉండవు. చెరువు మనిషి కూతుర్ని, నాకు ఆ మాత్రం తెలీదా? ఇవి తిని వచ్చాయి. బాగా తిని వచ్చాయి.

“వీటికి ఎవరో మేత వేశారు” అన్నాను.

నాన్న డ్రమ్ము మూత బిగిస్తున్నవాడు ఆగాడు. “నేనే వేశానమ్మా. పొద్దున్న బయల్దేరేముందు. గుప్పెడే.”

నాకు మామూలుగా నాన్నని నువ్వు అనే అలవాటు. కోపం వస్తే మాత్రం మర్యాద పొంగుకొస్తుంది. “మీరా? మీరు వేశారా అండీ? లోడింగ్ రోజున మేత వేస్తే మనుషుల్ని తరిమే మీరు వేశారా? నా జెండా లేవకూడదనే కదండీ వేశారు? వట్లూరు పంపాలని ఉంటే మొదటే పంపెయ్యాల్సిందండీ, ఇంత నాటకం ఎందుకండీ?”

సార్ వినేలా అరిచాను, అందరూ వినేలా అరిచాను. నాన్న ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అదే నన్ను ఇంకా మండించింది. తప్పు చెయ్యనివాడైతే కసురుకుంటాడు కదా! నేను ముందు సీట్లో కూర్చోనని చెప్పి వెనక డ్రమ్ము పక్కన కూర్చున్నాను. కుసుమ కూడా నా పక్కకే ఎక్కింది. కొల్లేరు రోడ్డు మీద పొద్దు వాలుతోంది, నేను ఏడుస్తున్నాను, కుసుమ ఎందుకో నా వైపు చూడకుండా తన గోళ్ళు చూసుకుంటోంది.

“జెస్సీ, తిట్టవు కదా?” అంది చివరికి.

“ఏంటి?”

“పొద్దున్న మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు జడ వేసుకుంటున్నావు. అవి నోళ్ళు తెరిచి నా వైపే చూస్తున్నాయే. నా చేతిలో బిస్కట్టు ఉంది. ఒక్క ముక్క. నిజంగా ఒక్క ముక్కే.”

ఒక్క బిస్కట్టు ముక్కకి ఆరు చేపల కడుపు నిండదు, తప్పు నాన్నదే అనుకున్నాను.

ఇంటికి చేరి, నాన్న మీద ఫిర్యాదు చేద్దామని నేరుగా నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆవిడ తల పంకించి, “అయ్యో, వాడూ వేశాడా?” అంది.

“వాడూ అంటే?”

“తెల్లారగానే లేచానా, పాపం పసివి, ఏలూరు దాకా వెళ్ళాలి కదా అని కాస్త అన్నం మెతుకులు వేశానే. నువ్వు వెయ్యొద్దన్నది తవుడు కదా?”

వంటింట్లోంచి అమ్మ రాలేదు. నేనే వెళ్ళాను. అమ్మ గిన్నె తోముతూనే ఉంది, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. “అమ్మా, నువ్వు కూడానా? ఆకలి పుట్టించమని ప్రార్థన చేసింది నువ్వే కదా!”

“ప్రార్థన తర్వాత చేశానే” అంది అమ్మ. “వేసేశాక భయం వేసి చేశాను.”

ఇంతలో అమ్మ ఫోన్ మోగింది. నెల్సన్ సార్. అమ్మకు స్పీకర్ పెట్టడం తప్ప ఫోన్ మాట్లాడటం రాదు. “జెస్సీ బాధపడుతోందా అండీ? చెప్పండి, వచ్చే ఏడాది పిల్లలకి ఇదే నమూనా చూపిస్తాను. ఇంకోటండీ, చేపలు బాగున్నాయా? పొద్దున్న దించేటప్పుడు నీరసంగా కనిపిస్తే, నా టిఫిన్‌లోది చిన్న ఇడ్లీ ముక్క వేశానండీ.” ఇంట్లోవాళ్ళ చెయ్యి పడకూడదన్న సారేనా ఈయన!

నాయనమ్మ ముందు నవ్వింది. తర్వాత కుసుమ. తర్వాత అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను, ఎందుకంటే నా లెక్క ఇంకా తేలలేదు. నాన్న అరుగు మీద కూర్చుని కొత్త వల చిక్కులు తీస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు కదా నాన్నా. నువ్వెందుకు వేశావు?”

వల మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. “లారీ ఎక్కేది సరుకమ్మా. సరుక్కి మేత ఆపుతాను, నా పని అది. ఇవి మనింట్లో పడుకుని, మనింట్లోంచి నీతో పాటు ఊరెళ్తున్నాయి. మీ అమ్మ నీకు ఇడ్లీ పెడుతోంది. డ్రమ్ములో ఇవి పైకొచ్చి చూస్తున్నాయి. చెయ్యి దానంతట అదే వెళ్ళి తవుడు తీసింది. వేశాకే గుర్తొచ్చింది, ఏం పని చేశానో. ఏలూరులో వలల కొట్టు దగ్గర నిలబడ్డానన్న మాటే గానీ, ఏ వల కొన్నానో నాకే తెలీదు. లేస్తే బాగుండు, లేస్తే బాగుండు అనుకుంటూనే ఉన్నాను.”

ఆ వల చూస్తే నిజంగానే మా చెరువులకు పనికొచ్చేది కాదు, రొయ్యల వల. నాకు దుఃఖం ఆగలేదు. నాన్న ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. మా నాన్న మంచివాడని నాకు తెలుసు గానీ, ఆ సాయంత్రం తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. అనకూడని మాట అన్నాను నాన్నా అంటే, “అన్ని అండీలు పెట్టి తిట్టావు, అందులో తప్పేముంది?” అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే కర్ర ఇంట్లో లేదు. గట్టు మీదకి పరిగెత్తాను. నాన్న దాన్ని ఆ చివరి గెడకు, ఎండలో ఊరికే తిప్పించిందే, ఆ గెడకు కట్టేశాడు. నిండు తవుడు సంచి వేలాడదీసి, దానికి తగ్గ ఇటుక కట్టాడు. తుమ్మ ముళ్ళు కూడా మర్చిపోలేదు.

“ఏలూరులో లేవలేదు. మాట మాటే” అన్నాడు. “కానీ అక్కడ ఆకలి తప్పు, కర్ర తప్పు కాదు. ఇక్కడి చేపలకు ఎవరూ ఇడ్లీలు పెట్టలేదు. చూద్దాం.”

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. అప్పుడే ప్రసాదరావు గారు బండి మీద వచ్చారు. చేతిలో ఫైలు, జేబులో పెన్ను. “నెహెమ్యా గారూ, ఇవాళ ఎలాగైనా సీటు ఖాయం చేసేద్దామండీ. ఆలస్యమైతే నా చేతిలో ఉండదండీ.”

“కాస్త కూర్చోండి. జెండా లేవాలి” అన్నాడు నాన్న.

“ఏ జెండా అండీ?”

నాన్న చూపించాడు. ఎలా పనిచేస్తుందో మొత్తం తనే చెప్పాడు, ఇటుక సంగతీ, కొంగ సంగతీ, ఒక్క ముక్క వదలకుండా. ఇవన్నీ నేను ఎప్పుడు చెప్పానా అని ఆలోచించాను. నేను అమ్మకి చెబుతున్నప్పుడు విని ఉంటాడు. ప్రసాదరావు గారు మొదట గడియారం చూసుకున్నారు, తర్వాత చెప్పులు విడిచి గట్టు మీద చతికిలబడ్డారు. సంచి చుట్టూ నీళ్ళు కదులుతున్నాయి. కర్ర ఒకసారి వణికింది, మళ్ళీ నిలబడింది. ఎండ ఎక్కింది.  ప్రసాదరావు గారు, “కదిలిందండీ, కదిలింది! లేదండీ, గాలి” అంటూ ఉన్నారు.

అప్పుడు ఇటుక మెల్లగా దిగింది. అవతలి కొన లేచింది. మా అమ్మ పాత చీర ముక్క, ఎర్రగా, తడిగా, నీళ్ళ మీంచి పైకి వెళ్ళి నిలబడింది.

“లేచిందండోయ్!” అని ముందు కేకేసింది ప్రసాదరావు గారే. చప్పట్లు కూడా కొట్టారు. నేను గట్టు మీద గంతులేశాను. నాన్న మాత్రం కూర్చున్నచోటే కూర్చుని, పక్కనున్న తెడ్డు మీద చెయ్యి వేసి, ఆ దూరపు జెండాని చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి ప్రసాదరావు గారు ఫైలు విప్పారు. “మరి మన సీటు సంగతండీ?”

“సీటు వద్దండీ” అన్నాడు నాన్న. “మా అమ్మాయి గూడెం వెళ్తుంది, ఇనప పని నేర్చుకుంటుందట. మీరు మాత్రం భోజనం చెయ్యకుండా వెళ్ళడానికి వీల్లేదు. శీలావతి పులుసు పెట్టింది మా ఆవిడ.”

ఆయన పాపం ఏమంటారు? ఫైలు మూసి ఇంటికి వచ్చి కూర్చున్నారు. పులుసు మూడుసార్లు వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుంటూ, “మా బావమరిదికి కైకలూరు వైపు చెరువులున్నాయమ్మా. అలాంటి జెండా ఒకటి చేసిస్తావా?” అని అడిగారు.

నాకు కాలు నిలవలేదు. సంచి మళ్ళీ నింపాలి, ఇటుకను రెండు వేళ్ళు లోపలికి జరపాలి, ఆ చివరి గెడ దాకా నేనే పడవ వేసుకుని వెళ్ళాలి. తెడ్డు తీసుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగాను.

“నాన్నా, నన్ను గూడెం నిజంగా పంపుతావా?”

“ముందు ఆ తెడ్డు అక్కడ పెట్టి అన్నానికి రా” అన్నాడు నాన్న. “తినకుండా నిన్ను ఎక్కడికైనా పంపానా?”